ట్రైనర్ మీద మూడు వారాలు తొక్కితే 800 గ్రాములు పెరిగాను, ఎక్కడ తేడా కొడుతోంది?

చలిచక్రం:

అందరికీ నమస్తే. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నా వయసు 43, బరువు 86 కిలోలు. వాతావరణం బాగున్నన్నాళ్లూ వారానికి మూడు రోజులు బయట తొక్కేవాణ్ణి, 50 కిలోమీటర్లు పెద్దగా ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చేవాణ్ణి. చలికాలం వచ్చిందంటే పొద్దున బయల్దేరదామంటే చీకటి, సాయంత్రం పని ముగించుకుని వచ్చేసరికి మళ్లీ చీకటి, దానికి తోడు మంచు. ఇలాగే గడిచిన రెండు చలికాలాలు సైకిల్ని గోడకి ఆనించేసి ఐదారు కిలోలు వెనకేసుకున్నాను. ఈసారి అలా కాకూడదని సెకండ్ హ్యాండ్‌లో ట్రైనర్ (సైకిల్ని ఇంట్లోనే ఉన్నచోట నిలబెట్టి తొక్కే స్టాండు) తీసుకున్నాను. వెనక చక్రం రోలర్ మీద తిరిగే రకం, ఫోన్‌కి కనెక్ట్ అవుతుంది, వాట్లు చూపిస్తుంది.

నాకు కావలసినవి రెండే. నాలుగు నెలల్లో 78 కిలోలకి రావాలి, చలి పోయాక ఒక్కసారైనా 100 కిలోమీటర్లు పూర్తి చేయాలి.

వారానికి ఐదు రోజులు, రోజుకి 45 నిమిషాలు తొక్కుతున్నాను. సగటున 140 వాట్లు, హార్ట్ రేట్ సగటు 162. దిగేసరికి టీషర్ట్ పిండితే నీళ్లు కారతాయి, కింద చాప మీద చిన్న మడుగు. వాచీ 690 కేలరీలు అని చూపిస్తోంది. అంత కష్టపడ్డాక మూడో వారం చివర తూకం ఎక్కితే 86.8! ఒకటికి రెండుసార్లు దిగి ఎక్కాను.

ఇంకా ఉంది. ఇరవై నిమిషాలు దాటితే కూర్చునే చోట తిమ్మిరి. కుడి మోకాలికి ముందువైపు నొప్పి మొదలైంది. మొదటి వారం 140 వాట్లు కష్టమైనా లాగేవాణ్ణి, ఇప్పుడు అదే 140 కొండెక్కినట్టుంది. రాత్రి ఆకలి గురించి చెప్పక్కర్లేదు. చలికాలం ట్రైనర్ మీద నిజంగా బరువు తగ్గినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరేం చేశారో చెప్పండి. "డైట్ చెయ్యి" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, ప్లీజ్.

గానుగెద్దు:

నా పేరు చూశారుగా, నాది ఇలాంటి నాలుగో చలికాలం. ఉన్నచోటే తిరగడం మనకి అలవాటే. ఒకటే ప్రశ్న: ఎదురుగా ఫ్యాను పెట్టుకున్నారా లేదా?

లెక్కలమాస్టారు:

ముందు ఆ 690 సంగతి చూద్దాం, మిగతా గొడవ సగం అక్కడే ఉంది.

మీ ట్రైనర్ వాట్లు చూపిస్తున్నప్పుడు కేలరీల కోసం వాచీని అడగకండి. వాచీ మీ హార్ట్ రేట్, వయసు, బరువు చూసి ఊహిస్తుంది. వాట్లయితే చేసిన పనికి నేరుగా కొలత. 140 వాట్లు అంటే సెకనుకి 140 జౌళ్లు. 45 నిమిషాలకి 2,700 సెకన్లు, గుణిస్తే 378 కిలోజౌళ్లు. మన శరీరం ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది 20 నుంచి 25 శాతమే, మిగతాదంతా వేడి. ఒక కేలరీకి (తిండి లెక్కలో వాడేదే) 4.184 కిలోజౌళ్లు. అంటే ఒకవైపు నాలుగుతో భాగించాలి, ఇంకోవైపు సుమారు నాలుగుతో హెచ్చించాలి, రెండూ ఇంచుమించు కొట్టుకుపోతాయి. అందుకే సైకిల్ మీద ఎన్ని కిలోజౌళ్లో దాదాపు అన్ని కేలరీలు, కొంచెం పైన వేసుకోవచ్చు. మీరు రోజూ ఖర్చుచేస్తున్నది 380 నుంచి 430 మధ్య. ట్రైనర్ వాట్లు సరిగ్గా చూపిస్తుంటేనే సుమా.

400 అనుకుందాం. వారానికి ఐదు రోజులంటే 2,000, మూడు వారాలకి 6,000. ఒక కిలో కొవ్వు సుమారు 7,700 కేలరీలు. అంటే తిండి ఒక్క ముద్ద కూడా పెరగకుండా ఉండి ఉంటే, మూడు వారాల్లో మీరు తగ్గాల్సింది అటూ ఇటుగా 780 గ్రాములు. అంతే! మీరేమో వాచీ మాట నమ్మి, 690 కరిగించాను కదా అని రాత్రి ఇంకోసారి వడ్డించుకుని ఉంటారు. తప్పు పట్టడం లేదు, నేనూ రెండేళ్లు అదే చేశాను.

మరి పైకి 800 గ్రాములు ఎలా వచ్చింది? అందులో ఎక్కువ భాగం నీళ్లే అయ్యుండొచ్చు. కొత్తగా వ్యాయామం మొదలెట్టగానే కండరాలు గ్లైకోజెన్ (శరీరం పిండిపదార్థాన్ని నిల్వచేసుకునే రూపం) ఎక్కువ దాచుకుంటాయి, ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీళ్లు నిలుస్తాయి. రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం కూడా పెరుగుతుంది. అది మంచిదే, ఓర్పు పెరగడానికి శరీరం వేసే మొదటి అడుగుల్లో అదొకటి. కానీ తూకం మిషన్‌కి కొవ్వూ నీళ్లూ తేడా తెలీదు కదా.

నెలకి నాలుగుసార్లు తూకం ఎక్కి టెన్షన్ పడేకన్నా రోజూ పొద్దున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకుని ఏడు రోజుల సగటు రాసుకోండి. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత కూడా వారానికోసారి. నాకు ఒక ఏడాది నెలంతా తూకం కదల్లేదు, బెల్టు మాత్రం ఒక రంధ్రం లోపలికి పోయింది.

చివరగా మీ లక్ష్యం. 8 కిలోలంటే 61,600 కేలరీలు, 120 రోజులకి పంచితే రోజుకి 513. తొక్కడంతో మీకు రోజువారీ సగటున 290 వరకు వస్తోంది, అదీ ఐదు రోజులూ మానకుండా తొక్కితే. మిగతాది పళ్లెం లోంచి తీయాల్సిందే. ఒక్క ముక్కలో తేల్చొద్దన్నారని ఇంత పొడుగు రాశాను, తేలింది మాత్రం అదే ముక్క.

చలిచక్రం:

మాస్టారూ, ఆ 690లో దాదాపు సగం గాలే అన్నమాట. రాత్రి వడ్డన విషయం మీకు ఎవరు చెప్పారో గానీ నిజమే.

గానుగెద్దు గారూ, ఫ్యాను లేదు. చలికాలం కదా, తలుపులన్నీ వేసుకుని తొక్కుతున్నాను. చెమట బాగా పడితే బరువు తగ్గుతుందని కూడా ఒక ఆశ.

రెండోఫ్యాను:

ఫ్యాను లేదన్న మాట చూసి ఆగలేక రాస్తున్నాను.

మాస్టారు చెప్పిన లెక్కనే తీసుకోండి. పెడల్ మీద 140 వాట్లు వస్తున్నాయంటే ఒంట్లోంచి నాలుగైదు వందల వాట్ల వేడి బయటికి పోవాలి. బయట గంటకి 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలే ఆ పని చేసేస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆ వేడి మీ చుట్టూనే కూర్చుంటుంది. అప్పుడు గుండె రెండు పనులు చేయాలి. కాళ్లకి రక్తం పంపాలి, చర్మానికీ పంపాలి. చెమట పోయేకొద్దీ రక్తంలో నీరు తగ్గుతుంది, కాబట్టి గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం తగ్గి, కొట్టుకోవడం పెరుగుతుంది. వాట్లు మారకుండానే హార్ట్ రేట్ మెల్లగా పైకి పాకుతూ పోతుంది.

నా సంగతే చెప్తాను. ఫ్యాను లేకుండా 150 వాట్ల దగ్గర పదో నిమిషంలో 138 ఉన్న హార్ట్ రేట్ యాభయ్యో నిమిషానికి 159. తర్వాతి వారం అదే గది, అదే 150, ఎదురుగా ఒక ఫ్యాను, పక్కనుంచి ఇంకోటి పెడితే 146 దగ్గర ఆగింది. నా కాళ్లు వారంలో మారిపోలేదు, గాలి మారింది. ఆ రోజు నుంచి నా పేరు ఇదే.

ఫ్యానుని నేల మీద పెట్టి, గాలి ఛాతీకీ మొహానికీ తగిలేలా పైకి వంచండి. మొదటి ఐదు పది నిమిషాలు ఆపేసి ఉంచండి, లేకపోతే వణుకుతో మొదలెట్టాలి. ఒంట్లో వేడి పుట్టాక వేయండి. చేతికి అందేలా స్విచ్ ఉంటే ఇంకా మంచిది. కిటికీ ఒక జానెడు తీయండి. మొదలెట్టేటప్పుడు కొంచెం చలేస్తేనే సరిగ్గా ఉన్నట్టు.

చెమటతో బరువు తగ్గడం అనేది మనసులోంచి తీసేయండి. లీటరు చెమట పోతే కిలో తగ్గినట్టు కనిపిస్తుంది, లీటరు నీళ్లు తాగితే తిరిగొస్తుంది. ఒకసారి తొక్కే ముందు, తొక్కాక తువ్వాలుతో తుడుచుకుని తూకం చూడండి, ఎంత తగ్గిందో అన్ని నీళ్లు మీ ఒంట్లోంచి పోయినట్టు. మధ్యలో తాగినవి కూడా దానికి కలపండి. అది తెలిస్తే సీసాలో ఎంత పోసుకోవాలో తెలుస్తుంది.

ఇక అసలు విషయం. మీరు రోజూ పరీక్ష రాస్తున్నారు, చదువుకోవడం లేదు. 220 లోంచి 43 తీస్తే 177, ఇంకో లెక్క ఉంది, 208 లోంచి వయసులో 0.7 వంతు తీయడం, దాంతో చూసినా 178. (రెండూ సగటు లెక్కలే, మనిషిని బట్టి పది పన్నెండు అటూ ఇటూ ఉంటాయి.) సగటు 162 అంటే మీ గరిష్ఠంలో 90 శాతం పైన, వారానికి ఐదు రోజులు. ఫ్యాను లేక పెరిగింది కొంత తీసేసినా ఎక్కువే. 45 నిమిషాలు 140తో చచ్చీచెడీ లాగుతున్నారంటే మీ ఎఫ్‌టీపీ, అంటే గంటసేపు నిలబెట్టగల వాట్లు, 150 దగ్గర ఉంటుంది. సరిగ్గా తెలుసుకోవాలంటే 20 నిమిషాలు గట్టిగా తొక్కి సగటుని 0.95తో హెచ్చించండి.

ఓర్పు పెంచే తేలికపాటి స్థాయిని జోన్ 2 అంటారు, అంటే ఎఫ్‌టీపీలో 56 నుంచి 75 శాతం. మీకు 84 నుంచి 112 వాట్లు. అవును, అంతే. సిగ్గుగానే ఉంటుంది, పక్కన ఎవరైనా ఉంటే ఫోన్ స్క్రీన్ తిప్పేయాలనిపిస్తుంది. ఫోన్‌లో ఎవరితోనైనా పూర్తి వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి, అదే కొలత. బీపీకి బీటా బ్లాకర్ లాంటి మందులు వాడేవాళ్లకి హార్ట్ రేట్ లెక్కలు పనిచేయవు, వాళ్లు ఈ మాటల పరీక్షనే నమ్ముకోవాలి.

ఇక్కడ ఒక తమాషా చూడండి. 140తో 45 నిమిషాలు తొక్కితే 378 కిలోజౌళ్లని మాస్టారు లెక్కేశారు. 105 వాట్లతో ఒక గంట తొక్కండి: 105 ఇంటూ 3,600, అదీ 378 కిలోజౌళ్లే. ఖర్చు అదే. తేడా ఏంటంటే రెండోది చేశాక మెట్లు ఎక్కగలరు, రాత్రి వంటింటి మీద దాడి చేయరు, మర్నాడు మళ్లీ ఎక్కగలరు. మూడో వారానికి 140 కొండెక్కినట్టు ఉందన్నారే, అది ఫిట్‌నెస్ తగ్గి కాదు, అలసట పేరుకుపోయి.

ఉదయంరైడ్:

గంటలు గంటలు గోడకేసి చూస్తూ నెమ్మదిగా తొక్కడం టైమ్ వేస్ట్ అండీ. టబాటా అని ఉంది, 20 సెకన్లు ఫుల్లుగా, 10 సెకన్లు రెస్ట్, ఎనిమిది సార్లు, 4 నిమిషాల్లో అయిపోతుంది. గంట తొక్కినదానికన్నా ఎక్కువ లాభం. నేను అదే చేస్తా. పైన ఒక ప్లాస్టిక్ జాకెట్ వేసుకుంటే ఇంకా ఫాస్ట్.

రెండోఫ్యాను:

చెమట గురించి పైనే రాశాను, ప్లాస్టిక్ జాకెట్ కూడా నీళ్లే తీస్తుంది, వడదెబ్బ తెస్తుంది. దయచేసి ఎవరూ చేయకండి.

టబాటా మంచిదే, కానీ దాని కథ సగమే ప్రచారంలో ఉంది. ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం సైకిల్ ఎర్గోమీటర్ (చేసే పనిని కొలిచే, కదలని సైకిల్) మీదే జరిగింది, కాబట్టి మన మాటే. అందులో పాల్గొన్నది అప్పటికే వ్యాయామం అలవాటున్న కుర్రాళ్లు. తీవ్రత ఎంతో తెలుసా? శరీరం గరిష్ఠంగా ఆక్సిజన్ వాడుకునే స్థాయి ఏదుందో దానికి 170 శాతం. ఏడో ఎనిమిదో సారికి కాళ్లు ఆడక ఆగిపోవాల్సిన స్థాయి అది. మనం ఇంట్లో చేసే 20-10 చాలావరకు ఆ పేరు పెట్టుకున్న వేరే వ్యాయామం. వాళ్లు కూడా వారంలో ఒక రోజు 30 నిమిషాలు మామూలుగా తొక్కారు. పైగా 4 నిమిషాల్లో ఎన్ని కేలరీలు పోతాయో మాస్టారిని అడగండి. ఈయనకి కావలసింది 100 కిలోమీటర్లు కూర్చోగలగడం, బరువు తగ్గడం. ఆ రెండింటికీ గంటలే కావాలి.

గట్టిగా తొక్కడం మానేయమని కాదు. వారానికి ఒక రోజు, మహా అయితే రెండు. నేను చేసేది 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలిగ్గా, నాలుగు సార్లు. మీకైతే గట్టి అంటే 165 దగ్గర మొదలెట్టొచ్చు. మిగతా మూడు రోజులు 105తో, అందులో ఒకటి పొడుగుది. ఆ పొడుగుదాన్ని 60 నిమిషాల నుంచి వారానికి పదేసి పెంచుకుంటూ పోయి, నాలుగో వారం తగ్గించి, మళ్లీ పెంచండి. ట్రైనర్ మీద దిగుడు రోడ్డు ఉండదు, సిగ్నల్ ఉండదు, కాలు ఆపితే చక్రం ఆగుతుంది. అందుకే ఇక్కడ గంటన్నర కూర్చోగలిగినవాడికి బయట అంతకన్నా ఎక్కువసేపే సాగుతుంది.

గానుగెద్దు:

ట్రైనర్ మీద తొక్కితే బయట పనికొస్తుందా అని అనుమానం ఉన్నవాళ్లకి సైకిల్ రేసర్ మాథ్యూ హేమన్ గుర్తుండాలి. 2016 ఫిబ్రవరి చివర్లో రేసులో పడి చెయ్యి విరిగింది. రోడ్డెక్కే పరిస్థితి లేక ఇంట్లో ట్రైనర్ మీదే సాధన చేశాడు. ఏప్రిల్ 10న పారిస్-రూబే అనే పెద్ద రేసు, 250 కిలోమీటర్లు పైన, రాళ్ల దారి. చివర్లో వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్) ఇంకో రేసర్ టామ్ బూనెన్‌ని దాటి గెలిచాడు. ఆయన ప్రొఫెషనల్, ఏళ్ల తరబడి తొక్కిన కాళ్లు, మనతో పోలిక లేదు, ఒప్పుకుంటాను. అయినా పొద్దున ట్రైనర్ ఎక్కబుద్ధి కానప్పుడు నాకు ఆ కట్టు కట్టిన చెయ్యే గుర్తొస్తుంది.

తుప్పుబోల్టు:

తిమ్మిరి, మోకాలి నొప్పి ఎవరూ పట్టించుకోలేదే! చలిచక్రం గారూ, ముందు చక్రం కింద ఏం పెట్టారు?

చలిచక్రం:

ఏమీ పెట్టలేదు. పెట్టాలా?

తుప్పుబోల్టు:

అనుకున్నాను. ట్రైనర్ స్టాండు వెనక చక్రాన్ని నేల మీంచి పైకి లేపుతుంది. ముందు చక్రం నేల మీదే ఉంటే సైకిల్ మొత్తం కిందికి వాలినట్టు అవుతుంది, మీరు తెలియకుండానే సీటు ముక్కు మీదికి జారుతూ ఉంటారు, చేతుల మీద బరువు, కింద తిమ్మిరి. చెక్క దిమ్మో, లావుపాటి పుస్తకాలో పెట్టి రెండు ఇరుసులూ ఒకే ఎత్తుకి వచ్చేలా చూడండి. టేపుతో నేల నుంచి ఇరుసు మధ్యకి కొలిస్తే సరి.

రోడ్డు మీద గుంతలకీ మలుపులకీ మనం తెలీకుండానే లేస్తూ కదులుతూ ఉంటాం, ఇక్కడ కదలిక ఉండదు. పది నిమిషాలకోసారి లేచి నిలబడి ముప్పై సెకన్లు తొక్కండి, ఫోన్‌లో అలారం పెట్టుకున్నా సరే. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్ వేసుకోండి, లోపల ఇంకేమీ వేయకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. ఇంత చేసినా తిమ్మిరి పోకపోతే సీటు మార్చాలి, తిమ్మిరిని ఓర్చుకుంటూ తొక్కొద్దు.

మోకాలికి ముందువైపు నొప్పి అంటే నేను మొదట అనుమానించేది సీటు కిందికి ఉండటం. చెప్పులు లేకుండా మడమ పెడల్ మీద పెట్టి కిందికి తిప్పండి, అట్టడుగున కాలు పూర్తిగా చాపుకోవాలి. అప్పుడు మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. పెంచాల్సి వస్తే ఒకేసారి పెంచకండి, 3 నుంచి 5 మిల్లీమీటర్లు, రెండు మూడు రోజులు చూసి మళ్లీ. మరీ ఎక్కువైతే తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంది, మోకాలి వెనక లాగుతుంది. రెండో అనుమానం కేడెన్స్. నిమిషానికి ఎన్ని తిప్పులు?

ఇంకోటి, ఎవరూ ముందుగా చెప్పరు. హ్యాండిల్ మీద తువ్వాలు పరవండి. నేను మొదటి చలికాలం పరవలేదు. వేసవి మొదట్లో హ్యాండిల్‌కి చుట్టిన టేపు మార్చుదామని విప్పితే లోపల హ్యాండిల్ అల్యూమినియం మీద తెల్లగా సున్నం పూసినట్టు పొడి, గోరుతో గీకితే పెచ్చు లేచింది. హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టు ఒకటి తుప్పుకి బిగుసుకుపోయి, విప్పబోతే తల అరిగిపోయి కీ తిరుగుతోందే తప్ప బోల్టు తిరగలేదు. చెమటలో ఉప్పు అంత పని చేస్తుంది. రోడ్డు మీద అయితే గాలికి ఎగిరిపోయే చెమట ఇక్కడ నేరుగా సైకిల్ మీదే కారుతుంది. తొక్కాక తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి.

కొత్తపెడల్:

మధ్యలో దూరినందుకు సారీ. నాది ట్రైనర్ కాదు, స్పిన్ బైక్, బరువైన చక్రం ఉండేది. ఇవే లెక్కలు నాకూ వర్తిస్తాయా? నిన్న మొదటిసారి గ్రూప్ క్లాసుకి కూడా వెళ్లాను, తొడలు ముట్టుకోనివ్వడం లేదు.

తుప్పుబోల్టు:

లెక్కలు అవే, కానీ చాలా స్పిన్ బైకుల మీద కేలరీల అంకె ఉత్త అంచనా, నమ్మకండి. మాటల పరీక్షతోనే నడిపించండి. వాటిలో చాలావాటికి చక్రం పెడల్‌కి నేరుగా కలిసి ఉంటుంది, మీరు ఆపినా అది తిప్పుతూనే ఉంటుంది. వేగంలో ఉండగా కాలు తీయొద్దు, రెసిస్టెన్స్ నాబ్ నొక్కి ఆపాలి.

తొడల నొప్పి రెండు మూడు రోజులు మామూలే. కానీ మొదటి స్పిన్ క్లాసులోనే ఒళ్లు మరిచి తొక్కి కండరం దెబ్బతిని ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు, వైద్య పత్రికల్లో కేసులు కూడా వచ్చాయి. మూత్రం కాఫీ రంగులోకి మారినా, తొడలు వాచి గట్టిపడినా ఆలోచించకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవేం లేకపోతే రెండు రోజులు ఆగి, తేలిగ్గా మొదలెట్టండి.

చలిచక్రం:

ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. చెప్పకుండా మాయమైపోతే బాగోదు కదా.

ముందు ఫ్యాను. మొదటిరోజే తేడా తెలిసింది, చాప మీద మడుగు లేదు. 105 వాట్లు పెట్టుకుని తొక్కితే మొదటి వారం నిజంగానే అవమానంగా అనిపించింది, ఏదో తప్పు చేస్తున్నానేమోనని మధ్యలో రెండుసార్లు 130కి పెంచి మళ్లీ తగ్గించాను. అప్పుడు గంట చివర హార్ట్ రేట్ 138 ఉండేది, ఈ వారం అదే 105కి 129. పొడుగు రైడ్ 90 నిమిషాలకి వచ్చింది.

ముందు చక్రం కింద చెక్క పెట్టాను, సీటు రెండు దఫాల్లో 8 మిల్లీమీటర్లు పెంచాను. మోకాలి నొప్పి పోయింది. తిమ్మిరి దాదాపు లేదు, అలారం మోగితే లేస్తున్నాను. కేడెన్స్ అడిగారు కదా, చూస్తే 62! ఇప్పుడు 85 దగ్గర తిప్పుతున్నాను.

బరువు ఏడు రోజుల సగటు 84.7. మాస్టారు చెప్పినట్టు తొక్కిన కేలరీలు తినే లెక్కలో కలపడం మానేశాను, రాత్రి రెండో వడ్డన ఆపేశాను. 78 ఈ చలికాలంలో వస్తుందనుకోను, 80కి వస్తే చాలు.

ఒక్కటి మాత్రం పీడిస్తోంది. యాప్‌లో 165 వాట్లు సెట్ చేసి 4 నిమిషాల ఇంటర్వెల్ చేస్తుంటే మూడోసారికి ఉన్నట్టుండి పెడళ్లు రాయిలా బిగుసుకుపోతాయి. కాలు కిందికి దిగదు. ట్రైనర్ పాడైందా?

లెక్కలమాస్టారు:

రెండు కిలోలు తగ్గారన్నమాట, బాగుంది. 80 అంటున్నారు చూడండి, అది నడిచే లెక్క. ఒక మాట: పొడుగు రైడ్ గంట దాటితే ఆ రోజు మధ్యలో ఏదైనా తినండి, అరటిపండైనా సరే. అక్కడ మిగిల్చింది తర్వాత రెండింతలు తింటారు. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు గుంజీళ్లు, పుషప్స్ లాంటివి కూడా చేర్చండి. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోకుండా కాపాడేది అదే, పైగా సైక్లింగ్‌లో ఎముకల మీద బరువు పడదు.

రెండోఫ్యాను:

ట్రైనర్ బానే ఉంది, అది ఎర్గ్ మోడ్ (చెప్పిన వాట్లని ట్రైనరే నిలబెట్టే పద్ధతి) చేసే అల్లరి. 165 అని మీరు చెప్పారు కాబట్టి ఏం జరిగినా 165 తీసుకోవాలని చూస్తుంది. వాట్లంటే పెడల్ మీద బలం ఇంటూ తిప్పే వేగం. మీరు అలిసిపోయి 85 నుంచి 70కి పడితే, 165 నిలబెట్టడానికి అది బిగిస్తుంది. బిగిస్తే మీరు 60కి పడతారు, ఇంకా బిగిస్తుంది. అలా నాలుగైదు సెకన్లలో రాయి అవుతుంది.

ఇంటర్వెల్ మొదలయ్యే ఐదు సెకన్ల ముందే కేడెన్స్ 92కి తెచ్చుకోండి, పడటానికి కాస్త జాగా ఉంటుంది. అయినా ఇరుక్కుంటే పోరాడకండి. తొక్కడం ఆపేయండి, రెండు సెకన్లు ఆగితే వదిలేస్తుంది, తేలిగ్గా తిప్పుతూ 90కి వచ్చాక అదే మెల్లగా మళ్లీ ఎక్కిస్తుంది. మూడోసారికే ప్రతిసారీ ఇలా అవుతుంటే 165 మీకు ఇంకా ఎక్కువ, 158కి దించండి. ఇంకోటి, మీది రోలర్ రకం కాబట్టి టైరులో గాలి ప్రతిసారీ ఒకేలా ఉండాలి, పది నిమిషాలు తొక్కి టైరు వేడెక్కాక యాప్‌లో స్పిన్‌డౌన్ కాలిబ్రేషన్ (వేగం ఎక్కించి తొక్కడం ఆపితే చక్రం ఎంతసేపటికి నెమ్మదిస్తుందో చూసి వాట్ల కొలతని సరిచేసుకోవడం) చేయండి. లేకపోతే ఇవాళ్టి 165, మొన్నటి 165 ఒకటి కావు.

చలిచక్రం:

కాలిబ్రేషన్ అనేది ఒకటుందనే తెలీదు, కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా చేయలేదు. అంటే నా 105 కూడా 105 కాకపోవచ్చా?

రెండోఫ్యాను:

కాకపోవచ్చు. చేసి చూసి చెప్పండి. తక్కువ వస్తే మాస్టారికి చెప్పకండి, మళ్లీ మొదట్నుంచీ లెక్కేస్తారు.